పడుకున్న మొక్కకి డూపు

ఈ పని మీరనుకున్నది కాదు

"మీరేం చేస్తారండీ?"

"కుండీ మొక్కలు చూసుకుంటాను."

"అంటే, నీళ్ళు పోస్తారా?"

ఈ మూడో ప్రశ్న అడగని మనిషి ఇరవై రెండేళ్ళలో నాకు తగల్లేదు. మా చర్చి పాస్టరు గారు కూడా అడిగారు. నీళ్ళు పోయడానికి బి.ఎస్సీ. బోటనీ అక్కర్లేదు. పొయ్యకుండా ఉండడానికి కావాలి. నిజానికి అందుకు డిగ్రీ కూడా చాలదు. ఆ సంగతి నాకెలా తెలిసిందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

మొన్న నవంబరులో పని ఆపేశాను. మోకాళ్ళు ఒప్పుకోలేదు. నాతో వాదించి గెలిచినవి ఇన్నేళ్ళలో అవే. జూబ్లీహిల్స్ ఇళ్ళనీ, ఫిల్మ్‌నగర్ ఆఫీసుల్నీ ఇద్దరమ్మాయిలకి అప్పజెప్పాను. కృష్ణానగర్‌లో ఒకే గదిలో ఉంటారు, చురుకైనవాళ్ళు, ఫోనులో చూసి మొక్క పేరు చెప్పేస్తారు. "మేడం, చలికాలానికి ఏం చేయాలో ఒక లిస్టు రాసివ్వండి" అన్నారు. లిస్టు రాయను. లిస్టులుంటే చెయ్యాలనిపిస్తుంది. చలికాలంలో మొక్కల్ని చంపేది ఆ చెయ్యాలన్న తాపత్రయమే.

హైదరాబాదులో చలేంటండీ?

ప్రతి డిసెంబరులో ఎవరో ఒకరు ఈ మాట అంటారు, ఒంటి మీద శాలువా కప్పుకుని మరీ అంటారు. మనకి మంచు పడదు, ఒప్పుకుంటాను. కానీ ఈ ఇళ్ళలో నేలంతా గ్రానైటు. తెల్లవారుజామున ఆ రాయి మీద చెప్పుల్లేకుండా మీరు నిలబడండి, తర్వాత మాట్లాడదాం. మీ మొక్క వేళ్ళు ఆ రాయి మీదే నిలబడి ఉంటాయి. ఒక చెక్క పీట వేస్తే సగం మొక్కలు బతుకుతాయి. ఆ పీట గదికి అందం కాదని ఇంటీరియర్ డిజైనరు అంటాడు. అప్పుడు పోట్లాడాలి. మొక్కల పనిలో సగం మనుషులతో పోట్లాటే.

ఆఫీసుల్లో ఇంకో రకం. డిసెంబరులోనూ ఏసీ ఆగదు, ఎడిటింగు గదిలో మిషన్లు వేడెక్కుతాయట. ఆ పొడిగాలికి ఆకుల అంచులు అప్పడంలా కరకరలాడతాయి. అది చూసి ఎవరో జాలిపడి ఇంకో చెంబు పోస్తారు. కింద చల్లటి రాయి, పైన పొడిగాలి, మధ్యలో బురద. తాగిన టీలో మిగిలింది కుండీలో ఒంపేవాళ్ళ గురించి ఏమీ రాయను. రాస్తే ఇది మర్యాదగా ఉండదు. ఆకులు మెరవాలని కొబ్బరినూనె రాసే పనమ్మాయిల్ని మాత్రం తిట్టొద్దు. వాళ్ళు తమ పిల్లల తలకి రాసినంత ప్రేమగా రాస్తారు. తడిగుడ్డతో తుడవడం చూపిస్తే చాలు.

ఒక నిర్మాత గారి ఆఫీసులో ఆరడుగుల రబ్బరు మొక్క ఉండేది. సినిమా పోయినప్పుడల్లా వాస్తు చూసే ఆయన వచ్చేవాడు, ఆ మొక్క దిక్కు మారేది. ఆగ్నేయం నుంచి వాయవ్యానికీ, అక్కడి నుంచి మెట్ల కిందకీ. ఒక జనవరిలో మళ్ళీ కదిలిస్తుంటే అడ్డం పడ్డాను.

"సార్, చలిలో చోటు మారిస్తే ఆకులు రాల్చేస్తుందండీ."

"సినిమా ఆడకపోతే నేనే రాలిపోతానమ్మా."

"అయితే ఈసారి కథ మార్చి చూడండి సార్. మొక్కని మోయడం కంటే తేలిక."

ఆయన ఒక నిమిషం నన్ను చూసి, నవ్వి, "ఉగాది దాకా ఉండనివ్వండ్రా" అన్నాడు. మంచి మనిషి. ఆ తర్వాతి సినిమా కూడా పోయింది, అది వేరే సంగతి. మొక్క మాత్రం ఒక్క ఆకు రాల్చలేదు.

ఇంత తెలిసినదాన్లా రాస్తున్నాను కదా, పనిలోకి వచ్చిన మొదట్లో నేనూ "హైదరాబాదులో చలేంటి" అన్న రకమే. చీరాల సముద్రపు ఉక్కలో పెరిగినదాన్ని. చలికాలంలో కొన్ని మొక్కలు నిద్రపోతాయని పుస్తకంలో చదివాను. అది మంచు దేశాల గొడవ అనుకుని పేజీ తిప్పేశాను. పరీక్షలో ఆ ప్రశ్న రాలేదు కూడా.

డూపు సంగతి

ఇళ్ళతో పాటు షూటింగులకీ మొక్కలు ఇచ్చేదాన్ని. అక్కడ నేర్చుకున్న విద్య డూపు. హీరో ఇంటి హాల్లో, సోఫా పక్కన ఒక మొక్క ఉంటుంది. తలుపు తీసే షాటు నవంబరులో తీస్తారు, లోపలికి అడుగుపెట్టే షాటు జనవరిలో. తెర మీద రెండింటికీ మధ్య అర సెకను. మొక్కకి మాత్రం రెండు నెలల చలి.

"మేడం, ఆకులు పదకొండు ఉండాలి. తొమ్మిదే ఉన్నాయి," అన్నాడొక అసిస్టెంట్ డైరెక్టరు, చేతిలో ఫొటో పట్టుకుని.

"మీ హీరో గారు ఈ రెండు నెలల్లో ఎంత ఒళ్ళు చేశారో చూశావా బాబూ?"

"అది కాస్ట్యూమ్స్ డిపార్ట్‌మెంటు మేడం."

అందుకని ప్రతి మొక్కకీ అచ్చం అలాంటిది ఇంకోటి పెంచేదాన్ని. ఎత్తు, వంపు, ఆకుల లెక్క అన్నీ ఒకటే. ఒకటి అలిసిపోతే రెండోది సెట్‌లోకి వెళ్ళేది. కెమెరాకి తెలిసేది కాదు, దర్శకుడికి తెలిసేది కాదు. నాకు గర్వంగా ఉండేది. ఆ గర్వమే నన్నొకసారి ముంచింది.

వకుళ గారి జాడీ

పనిలోకి వచ్చిన మూడో చలికాలం. ఫిల్మ్‌నగర్ దిగువన, అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో వకుళ గారు ఒక్కరే ఉండేవారు. డబ్బింగ్ ఆర్టిస్టు. తెలుగు రాని హీరోయిన్లు ఎందరో తెర మీద ఆవిడ గొంతుతో ఏడ్చారు, ఆవిడ గొంతుతో పెళ్ళి చేసుకున్నారు. టైటిల్స్‌లో ఆవిడ పేరు పడింది తక్కువ. కూరగాయలబ్బాయితో బేరమాడినా నాకు ఏదో సినిమాలో మహారాణి మాట్లాడినట్టుండేది.

ఆవిడ దగ్గర మనీప్లాంటులూ అవీ ఓ పది కుండీలుండేవి. వాటితో పాటు, అడుగున చిల్లు పడిన పచ్చడి జాడీలో ఒక కలాడియం. చేమాకు లాంటి ఆకు మీద గులాబీ రంగు చిలకరించినట్టుండే మొక్క. బాల్కనీ తలుపు పక్కన, ఆవిడ కుర్చీకి ఎదురుగా ఉండేది.

నవంబరు చివర్లో ఆవిడ మోకాలి ఆపరేషనుకి విజయవాడ, అక్కగారింటికి బయల్దేరారు. రెండు నెలలు. తాళంచెవి నా చేతిలో పెట్టి, "మిగతావాటికి నీ ఇష్టం అమ్మాయ్. దీన్ని మాత్రం ఏమీ చేయకు. గోడ పక్కకి జరిపి వదిలెయ్" అన్నారు.

నాకు కోపమొచ్చింది. ఏమీ చేయకు అంటే, నా మీద నమ్మకం లేదనేగా? మొక్కల మనిషిని పెట్టుకుని మొక్క ముట్టుకోవద్దంటే ఏమిటర్థం? ఎందుకని ఒక్క ముక్క అడిగుంటే ఒక్క ముక్కలో చెప్పేవారు. అడగలేదు. అడగడమంటే నాకు తెలియదని ఒప్పుకోవడం. అప్పట్లో ఆ అలవాటు లేదు నాకు.

డిసెంబరు మొదటివారంలో ఆకులు పసుపెక్కి ఒక్కొక్కటే వాలడం మొదలైంది. ఇక చూడండి నా సేవ. రోజు విడిచి రోజు నీళ్ళు. ఎండలోకి జరిపాను, మళ్ళీ నీడలోకి తెచ్చాను. ఎరువు నీళ్ళు పోశాను. చలి తగలకుండా ప్లాస్టిక్ కవరు తొడిగాను. క్రిస్మస్ పాటల ప్రాక్టీసు మానేసి మరీ వెళ్ళి చూసేదాన్ని. చేసినకొద్దీ అది వాలిపోయింది. క్రిస్మస్ ముందువారానికి ఒక్క ఆకు లేదు. మట్టి మీద కుళ్ళిన కాడలు, ఆ వాసన.

నాతో పాటు యాదయ్య పనిచేసేవాడు. షేక్‌పేట పాత ఊళ్ళో పుట్టినవాడు, నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. బంగళాల తోటల్లోనే తల నెరిసింది. జాడీ ఆయనకిచ్చి, "మట్టి పారబోసి కడిగి పట్రా" అన్నాను.

ఆయన జాడీలోకి వంగి చూశాడు. "పారబోయమంటే పారబోస్త గని మేడం, జర దుంప సూడనియ్యుండ్రి. గిది సచ్చినట్టు..."

"యాదయ్యా, నాకు చెప్పకు. చెప్పింది చెయ్యి."

ఆయన గంటలో కడిగిన జాడీ తెచ్చిచ్చాడు.

ఇప్పుడిక డూపు. ఊరి బయట నర్సరీలన్నీ గాలించాను. ఒకచోట, ప్లాస్టిక్ పందిరి కింద వెచ్చగా పెంచిన కలాడియాలు దొరికాయి. అదే ఆకుపచ్చ, అదే గులాబీ చిలకరింపు. షాటుకీ షాటుకీ తేడా రాకుండా లెక్కలు రాసుకునే నా కంటిన్యుటీ పుస్తకంలో వకుళ గారి మొక్క బొమ్మ కూడా ముందే గీసిపెట్టుకున్నాను, ఏడాకులు. ఏడాకులదే ఏరి తెచ్చాను. పెద్దాకు ఎటు వంగి ఉండేదో అటే వంచి, అదే జాడీలో నాటాను. నాలుగడుగులు వెనక్కి వెళ్ళి చూసుకున్నాను. కెమెరా కూడా కనిపెట్టలేదు అనుకున్నాను.

జనవరి చివర్లో ఆవిడ చేతికర్రతో వచ్చారు. కుర్చీలో కూర్చుని మొక్కని చాలాసేపు చూశారు. నేను కాఫీ కలిపి తెచ్చాను. ఒక గుక్క తాగి అడిగారు:

"చాలా బాగుందమ్మాయ్. ఎవరిది?"

"ఎవరిదేమిటండీ, మీదే!"

"నాది ఈ నెలల్లో పడుకుంటుంది. శివరాత్రి దాటితే గానీ కన్ను తెరవదు. ఏటా అంతే. ఇదేమిటి, ఇంత మెలకువగా ఉంది?"

అక్కడైనా నిజం చెప్పాల్సింది. చెప్పలేదు సరికదా, వాదించాను. ఈసారి నేను బాగా పోషించాను కాబట్టి పడుకోలేదన్నాను. ఎండ సరిగ్గా అందిందన్నాను. పడుకోవడమన్నది మొక్క బలహీనత అని కూడా అన్నాను, దేవుడు క్షమించుగాక. ఆవిడ మధ్యలో అడ్డు రాలేదు. నా మాటలన్నీ అయిపోయేదాకా విన్నారు.

"ఇరవై ఎనిమిదేళ్ళు పరాయి పెదాలకి మాటలు చెప్పినదాన్ని," అన్నారు. "పెదవికీ మాటకీ రవ్వంత తేడా వస్తే నా ఒళ్ళు జిల్లుమంటుంది. నువ్విప్పుడు మాట్లాడుతుంటే అలాగే ఉంది. నేనే డూపు గొంతునమ్మా. నా దగ్గరికే డూపు తెచ్చావా?"

అప్పుడు చెప్పాను. అంతా చెప్పాను.

ఆవిడ కోప్పడలేదు. మద్రాసులో తొమ్మిదేళ్ళు తనతో ఒకే గదిలో ఉన్న సరోజ గురించి చెప్పారు. సరోజ కాస్ట్యూమ్ టైలరు. సినిమా అంతా హైదరాబాదు తరలిపోతుంటే వకుళ గారు ఇక్కడికి వచ్చేశారు, సరోజ అక్కడే ఉండిపోయింది. రైలెక్కించేటప్పుడు జాకెట్టు గుడ్డలో చుట్టిన ఈ దుంప చేతిలో పెట్టిందట. మరుసటి ఏడే జ్వరమొచ్చి పోయింది.

"దాని ఫొటో కూడా లేదు నా దగ్గర," అన్నారు. "ఎంతమందికి బట్టలు కుట్టిందో, దాన్ని ఫొటో తియ్యాలని మాకెవరికీ తోచలేదు. ఆ దుంపే ఉంది. ఎక్కడుందిప్పుడు?"

"పారబోయించానండీ."

"సరే. వెళ్ళు."

మహారాణులకీ కథానాయికలకీ మాటలిచ్చిన ఆ గొంతు, ఆ రెండు మాటల్లో ఏ భావమూ పలకలేదు. ఆవిడ తిట్టుంటే బాగుండేది. తిట్టుకి తిట్టు నాకు చాతనయ్యే పని.

షేక్‌పేటలో ఇసక డబ్బా

అక్కణ్ణుంచి నేరుగా యాదయ్య ఇంటికి వెళ్ళాను. ఆయన అరుగు మీద కూర్చుని కత్తెరకి సాన పడుతున్నాడు.

"యాదయ్యా, ఆ జాడీ మట్టి ఎక్కడ పోశావు?"

"పారబోయమంటిరి గద మేడం."

"ఎక్కడ?"

"మీరు జెప్పిన పని జేసిన. గిప్పుడేంది మల్ల?"

"యాదయ్యా, నీకు దణ్ణం పెడతాను. ఆ దుంప కావాలి."

కత్తెర పక్కన పెట్టాడు. నన్ను కాసేపు అలాగే నిలబెట్టాడు, నిలబెట్టాల్సిందే. తర్వాత ఇంట్లోకి వెళ్ళి, పాత నూనె డబ్బా ఒకటి తెచ్చాడు. నిండా పొడి ఇసక. అందులో చెయ్యి పెట్టి ఒక ముక్క బయటికి తీశాడు. అల్లం కొమ్మంత. ఒక పక్క కోసిన గాటు, గాటు మీద బూడిద.

"సగం మురిగింది. గా నీళ్ళకు మురగదా మరి? మురిగింది కోసేసి బూడిద వెట్టిన. మిగిలింది గింతే."

"నాకెందుకు చెప్పలేదు?"

"జెప్పనిచ్చిండ్రా? నోరు దెర్వంగనే ‘నాకు చెప్పకు’ అంటిరి. సరే, సదువుకున్నామె, గామెకే ఎర్క అనుకున్న." దుంపని మళ్ళీ ఇసకలో పెడుతూ, "గిది సావలే మేడం. పండుకుంది. పండుకున్నోళ్ళను లేపి బువ్వ వెడితే ఎవరన్న తింటరా?" అన్నాడు.

నా డిగ్రీలో లేని పాఠం ఆ ఒక్క వాక్యం. నేను దాన్ని చూసుకున్నన్నాళ్ళూ అది కుళ్ళింది. ఆయన చీకటి మూలన పెట్టి మర్చిపోయినట్టు వదిలేస్తే మిగిలింది.

"లేస్తుందా?"

"ఏమో. ముక్క చిన్నగైంది. సూడాలె."

మర్నాడు డబ్బాతో సహా వకుళ గారి దగ్గరికి వెళ్ళాను. యాదయ్యనీ తీసుకెళ్ళాను, చెప్పాల్సినవాడు ఆయన కాబట్టి. ఆవిడ ఇసకలో వేళ్ళు పెట్టి, దుంప తగిలేదాకా తడిమి, అలాగే కాసేపు ఉంచారు. "ఇంత చిన్నదైపోయిందా" అన్నారు. తర్వాత నా వైపు తిరిగి, "వారం వారం రా. వచ్చి ఏమీ చేయకు" అన్నారు.

నాకు వేసిన శిక్షలన్నిటిలోకీ కష్టమైనది అదే. శివరాత్రికి ముందు దుంపని చిన్న కుండీలో, పొడి మట్టిలో యాదయ్యే నాటాడు. శివరాత్రి వెళ్ళింది. ఏమీ లేదు. ఉగాది వెళ్ళింది. ఏమీ లేదు. పక్కన జాడీలో డూపు ఏపుగా కొత్తాకులు వేసుకుంటూ పోతోంది. దాన్ని చూస్తే నాకు ఒళ్ళు మంట. ఒకరోజు ఉండబట్టలేక, మట్టి తవ్వి చూద్దామా అన్నాను.

"నీకు పిల్లలు నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసే అలవాటుందా?" అన్నారావిడ.

"ఉందండీ."

"మానుకో."

"పోనీ ఈ డూపునైనా తీసుకెళ్ళిపోనా?" అన్నాను.

"ఎందుకూ? అదేం తప్పు చేసింది? షాటు అయిపోయాక డూపుని పంపించేయడం మీ సెట్‌లో. ఇది నా ఇల్లు."

ఏప్రిల్ సగమైంది. ఎండలు ముదిరాయి. ఒక సాయంత్రం మామిడికాయలు రాలేంత గాలివాన వచ్చి వెళ్ళింది. మర్నాడు ఉదయం, నేను ఎవరింటి మెట్లో ఎక్కుతుంటే ఫోను.

"అమ్మాయ్. ముక్కు బయటపెట్టింది."

ఆవిడ గొంతు నేనెన్నో సినిమాల్లో విన్నాను. వాటిలో ఏ హీరోయిన్‌కీ ఆవిడ ఆ ఉదయం పలికిన గొంతు ఇవ్వలేదు.

వెళ్ళి చూస్తే గోరంత మొలక, గులాబీ రంగు చుట్ట. నాకంటే ముందే యాదయ్య అక్కడ కూర్చుని కాఫీ తాగుతున్నాడు. ఆవిడ నాకంటే ముందు ఆయనకే ఫోను చేశారన్నమాట. న్యాయమే.

పడుకోనివ్వండి

అమ్మాయిలూ, మీ లిస్టు ఇదే. నవంబరు వచ్చాక నీళ్ళు సగానికి తగ్గించండి, తర్వాత ఇంకా తగ్గించండి. వేలు మట్టిలో రెండు కణుపుల లోతు పెట్టి, పొడిగా ఉంటేనే పోయండి. ఎరువు వేయడం ఆపేయండి. కుండీ మార్చడం, చోటు మార్చడం ఎండాకాలం దాకా వాయిదా వేయండి. గ్రానైటు మీద పీట వేయండి. ఇంటివాళ్ళు "మీరు ఏమీ చేయట్లేదు, డబ్బులెందుకివ్వాలి" అంటే, నా నంబరివ్వండి, నేను మాట్లాడతాను. ఆ పని నా మోకాళ్ళతో పన్లేకుండా చేయగలను.

ఏ మొక్క ఎలా నిద్రపోతుందో మీ ఫోను కొంత చెబుతుంది. దానితో పదేళ్ళుగా ఒకే గదిలో ఉంటున్న మనిషి ఇంకా బాగా చెబుతారు. వాళ్ళు "ఏమీ చేయకు" అంటే అది అవమానం కాదు. "ఎందుకండీ?" అని అడగండి. మీతో పనిచేసే యాదయ్యలు నోరు తెరిస్తే, వాక్యం పూర్తయ్యేదాకా ఆగండి. నాకది చాలా ఆలస్యంగా వచ్చింది, ఇప్పటికీ పూర్తిగా రాలేదని మా ఆయన అంటారు.

ఆ మొలక వచ్చిన ఏడాదే, షూటింగులతో నెలన్నర వెళ్ళలేక, డిసెంబరు చివర్లో వకుళ గారింటికి వెళ్ళాను. జాడీ, చిన్న కుండీ పక్కపక్కనే ఉన్నాయి. కుండీలోది ఆకులు వాల్చేసింది, నేననుకున్నదే. జాడీలో చూస్తే అక్కడా ఒక్క ఆకు లేదు. నర్సరీ పందిట్లో చలి ఎరగకుండా పెరిగిన డూపు, ఆ బాల్కనీ తలుపు దగ్గర ఒక ఏడాది ఉండి, పడుకోవడం నేర్చుకుంది. రెండు చోట్లా ఉత్త మట్టి.

"ఇప్పుడు చెప్పమ్మాయ్," అన్నారు వకుళ గారు, కుర్చీలోంచే. "ఏది అసలు, ఏది డూపు?"

నాకు తెలుసు, జాడీలోది ఏదో కుండీలోది ఏదో. వాదించొచ్చు. చేతిలో ఉన్న నీళ్ళ డబ్బా గుమ్మం బయట పెట్టేసి, ఆవిడ ఎదురుగా కూర్చుని కాఫీ తాగి వచ్చేశాను.